వెల్ష్ క్రియల పుస్తకం: రెండేళ్లు వాడాక

బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉన్న కార్డిఫ్ వచ్చిన కొత్తలో, ఇక్కడి భాష వెల్ష్ నేర్చుకుందామని జేబులో పట్టే వెల్ష్ క్రియల పుస్తకం ఒకటి కొన్నాను. పేరు చెప్పను. రెండేళ్లకి అట్ట ఊడింది. అట్ట సంగతి పోనీండి, నా కోపమంతా ప్రతి పేజీలో మొదట ఉండే ‘వర్తమానం’ కాలమ్ మీద.

వెళ్లడానికి అందులో ‘ఆవ్’ అని ఉంది. నేను, నువ్వు, అతను, ఒక్కొక్కరికి ఒక్కో రూపం. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు లాగే ఉందే అని మురిసిపోయి బట్టీ పట్టాను. నిలబడటానికి ‘సైవ్’, ఉంచుకోవడానికి ‘కెయ్‌డు’ లాంటి వంకర రూపాలు కూడా వదల్లేదు. సాయంత్రం క్లాసులో నలుగురి చేత ఈ పుస్తకం కొనిపించాను.

ఒకరోజు మా అమ్మాయి బడి గేటు దగ్గర ఒక మామ్మగారు, పనికి ఎలా వెళ్తారని అడిగారు. (ఇక్కడ దక్షిణ వేల్స్‌లో మామ్మని ‘మామ్‌గీ’ అంటారు. వింటే ఊరు గుర్తొస్తుంది.) ‘ఆవ్ ఈ ఇర్ గ్వైత్ ఆర్ అ బస్’ అన్నాను, రోజూ బస్సులో వెళ్తానని. ఆవిడ ‘ప్రీడ్? వోరీ?’ అన్నారు. ఎప్పుడు, రేపా అని! కాదండీ రోజూ అని చెప్పబోయి, టెన్షన్‌లో మళ్లీ ‘ఆవ్ ఈ’ అనే మొదలుపెట్టాను. రేపు కొత్త ఉద్యోగంలో చేరుతున్నాననుకున్నారేమో, ‘పోబ్ లుక్’ అని శుభం పలికి వెళ్లిపోయారు. మా ఏడేళ్లది తల పట్టుకుంది. ‘అమ్మా, డుయిన్ మిండ్ అనాలి.’

మాట్లాడే వెల్ష్‌లో ‘ఆవ్’ రేపటి సంగతి. ఇప్పుడు జరిగేదైనా రోజూ జరిగేదైనా, ‘ఉండు’ అనే ఒక్క క్రియే మనిషిని బట్టి మారుతుంది: నాకు ‘డు’, ఆమెకి ‘మై’. వెనక వచ్చే ‘మిండ్’ (వెళ్లడం) కదలదు. మనకి ‘వెళ్తాను’ అంటే రోజూ అనీ, రేపు అనీ రెండూ కదా. అందుకే నాకు అనుమానమే రాలేదు.

పుస్తకం చివరి పేజీ మాత్రం బంగారం. వెల్ష్‌లో అన్ని ప్రశ్నలకూ సరిపోయే ‘అవును’ లేదు. వెళ్తున్నారా అంటే, ఆ ప్రశ్నలోని ‘ఉండు’ క్రియతోనే ‘అడూ’ (ఉన్నాను), కాకపోతే ‘నాగ్ అడూ’ (లేను). క్లాసులో మిగతావాళ్లు దీనికే ఏడ్చారు. తిన్నావా అంటే తిన్నాననే మనకి ఇదో లెక్కా!

పుస్తకం రాసింది అబద్ధమని అనను. గ్రాంథికంలో ఆ రూపాలు వర్తమానానికీ చెల్లుతాయి. మాటల్లోనూ ‘గాల్లా ఈ’ అంటే ఇప్పుడు చేయగలననే, ‘ఊన్ ఈ దిమ్’ అంటే ఇప్పుడు తెలియదనే. పాత పద్యాలు చదివేవాళ్లకి పనికొస్తుందేమో. నాది గేటు దగ్గర కబుర్ల వెల్ష్. ప్రస్తుతానికి ఆ కాలమ్ మీద పెన్సిల్‌తో ‘రేపు’ అని రాసుకుని వాడుతున్నాను.