అరకులో 'కోవిడ్ సేఫ్టీ' పేరుతో ప్లాస్టిక్ బాదుడు

2021 డిసెంబరులో, సెకండ్ వేవ్ భయం ఇంకా పోని రోజుల్లో, విశాఖ నుంచి అరకు వెళ్లాం. వలిసె పూలు, బొర్రా గుహలు, కాఫీ తోటలు అన్నీ బాగున్నాయి. నా మంటంతా లాడ్జి మీదే.

గది అద్దె 2,800. దాని మీద మనిషికి 150 చొప్పున 'సేఫ్టీ కిట్' అని బిల్లులో వేశారు, వద్దన్నా వినలేదు. విప్పితే పల్చటి ప్లాస్టిక్ గ్లవ్స్, మాస్కు, షాంపూ, సబ్బు, ఒక్కోదానికి ఒక్కో కవరు. టీవీ రిమోట్‌కీ కవరే, చెంచాకీ కవరే. మా స్టీలు సీసాల్లో ఫిల్టర్ నీళ్లు పట్టుకుంటామంటే "కోవిడ్ రూల్ మేడమ్" అని సీలు బాటిల్ 40కి అంటగట్టారు. ఇంతా చేసి ఆ గదికి కిటికీ తెరుచుకోదు. గాలి ద్వారా వచ్చే జబ్బుకి కిటికీలు బిగించి చెంచాకి కవరు తొడుగుతారా? వైరస్ ఉన్న వస్తువుని తాకినా జబ్బు అంటుకునే అవకాశం మామూలుగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే చెప్పింది.

మా అత్తయ్యగారికి మాత్రం ఆ కవర్లు చూశాకే ప్రాణం కుదుటపడింది. గుడ్డసంచి లేకుండా కూరగాయలకి వెళ్లని మనిషి, "ఈ ఒక్కసారికి పోనీలే అమ్మాయ్" అన్నారు. ఆవిడని తప్పుపట్టను, గాలిలో ఏముందో కంటికి కనబడదు, సీలు కనబడుతుంది. లాడ్జివాళ్లు ఆ భయాన్నే సొమ్ము చేసుకున్నారు.

మర్నాడు రోడ్డు పక్కన బొంగులో చికెన్, 350. నూనె లేకుండా వెదురు బొంగులో కాల్చి, పొగలు కక్కుతుండగానే అడ్డాకుల్లో పెట్టారు, చుట్టూ అంతా ఆరుబయలే. నేనెంత నచ్చజెప్పినా అత్తయ్యగారు కారు దిగలేదు. ఇంతలో ఇంకో కుటుంబం వచ్చి చంటిపిల్లలతో సహా కూర్చుని తినడం మొదలుపెట్టాక, మెల్లగా దిగొచ్చి, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. నా వాదన చేయలేని పని ఆ పక్కవాళ్లు చేశారు.

తిరుగు ప్రయాణంలో కిటికీలు తెరిచి కూర్చునే రైలుంది, టికెట్టు చవక, కొండల్లో దారి అద్భుతం. "రైల్లో ఎవరెవరుంటారో" అని ఆవిడ ససేమిరా అన్నారు. 4,000 పెట్టి అద్దాలు బిగించిన ఏసీ కారులో, మాస్కు గడ్డం కిందకి లాక్కున్న డ్రైవరుతో వచ్చాం. ఆ నాలుగు వేలు ఇప్పటికీ బాధగానే ఉంది.

గది బుక్ చేసేముందు ఫోన్లో రెండే అడగండి: కిటికీ తెరుచుకుంటుందా, మా సీసాల్లో నీళ్లు పట్టుకోనిస్తారా. నసిగితే వేరే లాడ్జి చూసుకోండి, అరకులో గదులకేం కొదవలేదు.