నాష్‌విల్‌లో పాట వినాలంటే బ్లూబర్డే

అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరుపడ్డ నాష్‌విల్ నగరానికి వెళ్లినవాళ్లు ముందుగా బ్రాడ్‌వే వీధిలోనే తేలతారు. చాలా బార్లలో ప్రవేశ రుసుము ఉండదు, ఏ గుమ్మం చూసినా గిటార్ల మోతే. ఆ హోరులో పాటలోని మాట ఒక్కటీ చెవికెక్కదు. మాట వినాలనుకుంటే ఊరికి దక్షిణాన గ్రీన్ హిల్స్‌లో ఉన్న బ్లూబర్డ్ కెఫేకి వెళ్లాలి.

దుకాణాల వరుసలో ఇరుక్కుని ఉంటుంది, ఆదమరిస్తే దాటిపోతాం. 1982లో ఎమీ కర్లండ్ అనే ఆవిడ తెరిచిన ఈ కెఫేలో 90 మంది కూర్చుంటే నిండినట్టే. గార్త్ బ్రూక్స్, టేలర్ స్విఫ్ట్ వంటి ప్రసిద్ధ గాయకులు పేరు రాకముందు పాడింది ఇక్కడే. 2008 నుంచి పాటల రచయితల సంఘమే దీన్ని నడుపుతోంది.

ఇక్కడి ప్రత్యేకత గుండ్రంగా కూర్చుని పాడే పద్ధతి. నలుగురు రచయితలు గది నడిమధ్యన ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా పాడతారు. నా బల్లకూ ఒక గాయని మోకాలికీ మధ్య మూరెడు ఎడం కూడా లేదు. ఆవిడ తీగ బిగించుకోవడం, పల్లవి ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చడం కూడా వినిపించాయి. ఎవరో పెద్ద గాయకుడు హుషారుగా పాడేసిన పాటను, రాసిన మనిషి నింపాదిగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడితే అందులోని దుఃఖం అప్పుడు తెలుస్తుంది. ఎవరైనా గుసగుసలాడితే సిబ్బంది మొహమాటం లేకుండా ‘ష్’ అంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే!

ఇబ్బందులూ లేకపోలేదు. ఎక్కడ కూర్చున్నా ఒకరి వీపే కనిపిస్తుంది. కుర్చీలు ఇరుకు, తిండి అంతంతమాత్రం. అయినా ఏదో ఒకటి కొనక తప్పదు. 2012లో ఈ కెఫేను చూపించిన ‘నాష్‌విల్’ టీవీ ధారావాహిక వచ్చాక రద్దీ మరీ పెరిగింది. ఆన్‌లైన్‌లో టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. ప్రయాణం తేదీలు ఖరారు చేసుకోకముందే కార్యక్రమాల పట్టిక చూసుకోవడం మేలు.

బస విషయానికొస్తే, నేను దిగిన బ్రాడ్‌వే దగ్గరి హోటల్లో అర్ధరాత్రి దాటినా డ్రమ్ముల దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. పైగా కారు నిలిపినందుకు విడిగా బాదారు. గ్రీన్ హిల్స్ వైపు ఉంటే నిద్ర దక్కుతుంది, కార్యక్రమం ముగిశాక టాక్సీ కోసం పడిగాపులూ ఉండవు.

సంగీత కచేరీలు జరిగే, 1892లో కట్టిన రైమన్ ఆడిటోరియం చూడదగ్గదే, కానీ రెండు వేలమందికి పైగా పట్టే ఆ హాలులో ఈ దగ్గరితనం ఎక్కడిది? బ్లూబర్డ్ టికెట్ దొరకకపోతే నేనైతే 1974 నాటి స్టేషన్ ఇన్ అనే సంగీత వేదికకే వెళతాను. అక్కడ బాంజో, ఫిడేలు వంటి తీగవాద్యాలతో సాగే బ్లూగ్రాస్ సంగీతం వాయిస్తారు, గదీ చిన్నదే.