తాడు కింద దూరడమా, గేటు దాటడమా, ఆగడమా: ఏది మేలు?

డిసెంబరు మొదలైతే చాలు, స్కీయింగ్‌లో మూసిన వాలుకు అడ్డంగా కట్టే తాడు గురించి నాకు ఒకే ప్రశ్న వరసగా వస్తుంటుంది. గుంటూరు కుర్రాళ్ళు కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కి టికెట్లు బుక్ చేసుకుని అడుగుతారు. పటమటలో మా వీధి పెద్దాయన డెన్వర్‌లో ఉన్న కొడుకు పంపిన వీడియో చూపించి అడుగుతారు. ‘తాడు అవతల మంచు అంత బాగుంది కదా, కిందుగా దూరి వెళ్తే ఏమవుతుంది? అందరూ వెళ్తున్నారుగా?’ అని. బెజవాడలో కూర్చుని మంచు మీద సలహాలివ్వడం కాస్త కామెడీగానే ఉంటుంది. మనకు మంచు అంటే సంక్రాంతి ముందు బందరు రోడ్డు మీద పట్టే పొగమంచే. అయినా ముప్పై ఎనిమిదో ఏట గుల్‌మార్గ్‌లో రెండు వారాల స్కీయింగ్ కోర్సు చేసి, ఆ తర్వాత తొమ్మిది చలికాలాలు అక్కడా అమెరికాలోనూ పడుతూ లేస్తూ తిరిగినవాణ్ణి. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా.

స్కీలు ఎలా తిప్పాలో, బ్లూ రన్, బ్లాక్ రన్ అంటూ వాలుల కష్టాన్ని బట్టి పెట్టే పేర్లేమిటో మీకు తెలుసనుకునే రాస్తున్నా. తేలాల్సింది ఇంతే. రాత్రి మంచు బాగా పడింది. పొద్దున లిఫ్టెక్కి పైకెళ్తే మంచి వాలుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు కిందుగా దూరిపోవచ్చు. రిసార్టు సరిహద్దులో పెట్టిన గేటు గుండా బయటి కొండకు వెళ్ళొచ్చు. లేదంటే తెరిచిన వాలుల మీదే తిరుగుతూ తాడు తీసేదాకా ఆగొచ్చు. మొదటి రెండూ ఒకటేనని, ఎలా వెళ్ళినా తాడు అవతలికేనని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ఎక్కువ తేడా ఉన్నది ఆ రెండిటి మధ్యే.

గత జనవరిలో కొలరాడోలో మా అక్క కొడుకు దగ్గరికి వెళ్ళాను. రాత్రికి రాత్రి అడుగు పైన మంచు పడింది. పొద్దున తొమ్మిదిన్నరకి శిఖరం పక్కన తాడు దగ్గర నిలబడ్డాం. చిటికెనవేలంత తాడు, మధ్యమధ్యలో నారింజ రంగు పీలికలు, ‘క్లోజ్డ్’ అని రాసిన గుండ్రటి బిళ్ళ ఒకటి. గాలికి ఆ బిళ్ళ కర్రకు టక్ టక్ మని కొట్టుకుంటోంది. తాడు కిందుగా అప్పటికే ఇద్దరు వెళ్ళిన గీతలున్నాయి. మావాడు పోల్‌తో తాడు పైకెత్తి పట్టుకుని, ‘రా మామయ్యా, రెండు నిమిషాల పని’ అన్నాడు. నేను అడుగు వేశానా లేదా అన్నది ఇప్పటికీ ఇంట్లో వాదనే. అంతలో పై గట్టు అవతల నుంచి ధన్ మని ఒక శబ్దం. దీపావళి బాంబులా చెవికి తగిలే శబ్దం కాదు, గుండెల్లో తగిలేది. వాలుల భద్రత చూసే స్కీ పెట్రోలింగ్ వాళ్ళు ఇంకా పేలుడు పదార్థాలు విసురుతూనే ఉన్నారన్నమాట. మావాడు తాడు వదిలేశాడు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఆ శబ్దమే. తాడు చూడగానే మనం జరిమానా ఎంత, పట్టుబడతామా అని ఆలోచిస్తాం. అడగాల్సింది వేరు: ఈ వాలు మీద ఈ పొద్దున ఎవరైనా పని చేశారా?

కొత్త మంచు గాలికి గట్టిపడి పలకలా తయారవుతుంది. దాని కింద పంచదార రేణువుల్లాంటి వదులు పొర ఉంటే పై పలక దేన్నీ పట్టుకుని ఉండదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద అలాంటి పలక ఒక మనిషి బరువుకే తెగి, పలకంతా ఒక్కసారిగా జారుతుంది. ఇలా మంచు ఒక్కసారిగా జారిపడటమే అవలాంచ్. ప్రాణాలు తీసిన అవలాంచ్‌లలో ఎక్కువ భాగం అందులో చిక్కుకున్నవాళ్ళో, వాళ్ళ పక్కవాళ్ళో కదిలించినవే. ఏ కొండదేవతో కోపగించి పంపేవి కావు. కాబట్టి రిసార్టు వాళ్ళు లిఫ్టులు మొదలయ్యే ముందే వెళ్ళి, పేలుడుతోనో, స్కీలతో అడ్డంగా కోసో, జారేదేదో మనుషుల్లేనప్పుడే జారేలా చేస్తారు. ఆ పని అయిన వాలుకు తాడు తీస్తారు. తాడు ఇంకా ఉందంటే పని మొదలుకాలేదో, సగంలో ఉందో, పేలని మందు ఒకటి మంచులో ఉండిపోయిందో, మంచు పలచగా ఉండి కింద రాళ్ళు పైకే ఉన్నాయో. ఇందులో ఏదో తాడు మీద రాసి ఉండదు.

మన గుణదల రైల్వే గేటు దగ్గర బండి వంచి కడ్డీ కిందుగా దూర్చే అలవాటు ఉంది చూశారూ, ఆ ధైర్యమే ఇక్కడా పనిచేస్తుందనుకుంటారు. అది తప్పు కాదని చెప్పడం లేదు. కానీ అక్కడ దూరేవాడికి రైలు ఎటు నుంచి వస్తుందో తెలుసు, కూత వినిపిస్తుంది, పట్టాలు కనిపిస్తాయి. మంచులో కింద పొర కనిపించదు. పైగా అక్కడ దూరినవాడు తన ప్రాణంతోనే ఆడుకుంటాడు. ఇక్కడ మూసిన వాలు కింద తెరిచిన రన్ ఉండొచ్చు, అందులో చిన్నపిల్లల క్లాసు నడుస్తూ ఉండొచ్చు. మీరు కదిలించిన మంచు వెళ్ళి వాళ్ళ మీద పడుతుంది.

‘ఇద్దరు వెళ్ళిన గీతలున్నాయి కదా, వాళ్ళకేం కాలేదు’ అన్నది మావాడి వాదన. పలక అన్ని చోట్లా ఒకే మందాన ఉండదు. ఇద్దరు మందంగా ఉన్న చోట దాటేస్తారు. మూడోవాడి స్కీ పలచటి చోట పడితే బరువు నేరుగా ఆ వదులు పొరకు తగులుతుంది. ‘నిన్న తెరిచే ఉంది’ అన్నది ఇంకో వాదన. రాత్రంతా గాలి అవతలి వైపు మంచు తెచ్చి ఈ వాలు మీద పోసి ఉంటే, నిన్నటి వాలుకూ ఇవాళ్టి దానికీ పేరొక్కటే ఒకటి.

న్యాయంగా చెప్పాలంటే దూరేవాళ్ళ వైపు కూడా ఒక మాట ఉంది. ఎవరూ తొక్కని మంచులో దిగడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. అది దొరికే రోజులు చలికాలానికి నాలుగైదు, మనలా సెలవు పెట్టి వెళ్ళేవాళ్ళకు ఒకటి. పది సార్లు దూరితే పది సార్లూ ఏమీ కాకపోవచ్చు కూడా. నాకు భయం అక్కడే. ఏమీ కాని ప్రతిసారీ మనకు లెక్క తెలిసిందనే నమ్మకం పెరుగుతుంది.

దూరినవాడు ఇరుక్కుంటే తీసుకురావాల్సింది ఆ పెట్రోలింగ్ వాళ్ళే. వాళ్ళ పని ఎంత ప్రమాదమో చెప్పాలంటే, 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్‌లో ఇదే అవలాంచ్ నివారణ పనిలో ఉన్న ఇద్దరు మంచులో చిక్కుకున్నారు, ఒకామె ప్రాణం పోయింది. శిక్షణ ఉండి, సామాను ఉండి, జట్టుగా వెళ్ళినవాళ్ళు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక పక్క మాట. చాలా చోట్ల పట్టుబడితే పాస్ లాక్కుని పంపేస్తారు. కానీ వాషింగ్టన్ రాష్ట్రంలో మూసిన చోటని తెలిసీ స్కీయింగ్ చెయ్యడం చట్టం ప్రకారం నేరం. వీసా ఫారంలో అరెస్టుల గురించీ శిక్షల గురించీ అడిగే ప్రశ్న ఒకటి ఉంటుందని హెచ్1బి మీద ఉన్నవాళ్ళకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. మంచు సంగతి ఎంత చెప్పినా వినని కుర్రాళ్ళు ఈ ఒక్క మాటకు ఆగిపోవడం నేను చూశాను.

ఇక గేటు. అమెరికాలో చాలా రిసార్టులు ప్రభుత్వ అటవీ భూమిలో ఉంటాయి. సరిహద్దు అవతల ఉన్నదీ జనం భూమే. అందుకని కొన్ని చోట్ల గేట్లు పెట్టి, ‘ఇక్కడి నుంచి మీ ఇష్టం, మీ బాధ్యత’ అని బోర్డు కడతారు. వయోమింగ్‌లో జాక్సన్ హోల్ 1999లో అలా సరిహద్దు తెరిచింది. అంతకు ముందు అక్కడ తాళ్ళ కింద దూరడమే ఒక ఘనకార్యంగా చెప్పుకునే జట్టు ఉండేది.

గేటు అవతల పెట్రోలింగ్ ఉండదు, పేలుళ్ళు ఉండవు, రాళ్ళకు గుర్తులుండవు. పైకి చూస్తే మూసిన వాలు కన్నా ఇదే ప్రమాదం అనిపిస్తుంది. నాకు తేడా కనిపించేది వెళ్ళే మనిషిలో. గేటు దాటేవాడికి ఈ వాలు ఎవరూ చూడలేదని తెలుసు, కాబట్టి తనే చూసుకుంటాడు. ఒంటి మీద బీకన్ (మంచులో కూరుకుపోయినవాణ్ణి వెతికే రేడియో పరికరం), వీపున ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కర్ర), పార ఉంటాయి. తోడు ఒకరుంటారు. పొద్దున అవలాంచ్ ప్రమాదం ఎంతో చెప్పే బులెటిన్ చదివి ఉంటాడు. తాడు కింద దూరేవాడు మాత్రం రిసార్టులోనే ఉన్నాననుకుంటాడు. జేబులో ఫోను, సగం తిన్న చాక్లెట్ తప్ప ఏమీ ఉండవు. ఎవరో చూసే ఉంటార్లే అన్న ధీమా ఒకటి. వాళ్ళు చూసే కదా తాడు కట్టింది!

బీకన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అన్ని కంపెనీలవీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, కాబట్టి ఎవరిది ఎవరికైనా దొరుకుతుంది. మంచు కింద పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటితే మూడో వంతుకు పడిపోతుంది. కింద నుంచి ఎవరో ఫోనందుకుని, బయల్దేరి, పైకొచ్చేసరికి ఆ టైము అయిపోతుంది. తవ్వాల్సింది పక్కనున్నవాడే. కాబట్టి బీకన్ కొనడం సగం పనే, పక్కవాడికి వాడటం రావాలి. బులెటిన్‌లో ప్రమాదానికి అయిదు స్థాయిలుంటాయి. మూడో స్థాయి మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదు అనుకోకండి. చావుల్లో పెద్ద వాటా ఆ స్థాయి ఉన్న రోజులదే. నాలుగు, అయిదు అంటే భయపడి మానేస్తారు, మూడంటే వెళ్తారు.

మరి ఆగడం? అది కూడా పూర్తి క్షేమం కాదు. 2024 జనవరి 10న కాలిఫోర్నియాలోని పాలిసేడ్స్ టాహోలో, ఆ సీజన్‌లో ఒక లిఫ్టు మొదటిసారి తెరిచిన రోజే, తెరిచిన వాలు మీదే అవలాంచ్ వచ్చి ఒకరు చనిపోయారు. పెట్రోలింగ్ వాళ్ళ పని రిస్కును తగ్గిస్తుంది, తుడిచెయ్యదు. అయినా నా ఓటు ఆగడానికే, అందులోనూ ఏడాదికోసారి వెళ్ళే మనలాంటివాళ్ళకు. తాడు దగ్గర నిలబడ్డ పెట్రోలింగ్ మనిషిని మర్యాదగా అడిగితే ఎప్పుడు తీస్తారో ఒక అంచనా చెబుతారు.

ఆ రోజు మేము ఒంటిగంట దాకా అడుగుతూనే ఉన్నాం. తాడు తియ్యలేదు. మర్నాడు నా ఫ్లైటు. రాత్రి అక్క నేను గుంటూరు నుంచి మోసుకెళ్ళిన గోంగూర పచ్చడి వడ్డిస్తే, మావాడు నా మొహం చూడకుండా పెరుగన్నం తిని లేచిపోయాడు. ఆగడానికి ఖర్చు ఉంది, లేదని నేను అనను.

యూరప్‌ది వేరే పద్ధతి. అక్కడ గుర్తులు పెట్టిన స్కీ దారి (పిస్టు) వరకే రిసార్టు పూచీ, పక్కకు వెళ్తే తాడు లేకపోయినా బయటే. ఫార్ములా వన్ రేసర్ మైకేల్ షూమాకర్ 2013 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో పడింది రెండు పిస్టుల మధ్య వదిలేసిన భాగంలోనే, మంచు కింద రాయి తగిలి. మనవాళ్ళు అటు వెళ్ళేది తక్కువ కాబట్టి ఇంతటితో ఆపుతున్నా.

గుల్‌మార్గ్ వెళ్ళే గుంటూరు బ్యాచ్ మాత్రం ఇది శ్రద్ధగా చదవాలి. అక్కడ గొండోలా (తీగ మీద నడిచే క్యాబిన్ల) రెండో దశ దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వాట్ కొండ మీద దింపుతుంది. అక్కడి నుంచి దిగే ప్రధాన బౌల్ (గిన్నెలాంటి వాలు) ఒక్కటే పెట్రోలింగ్ కింద ఉంటుంది. దాని అటూ ఇటూ ఉన్నదంతా, తాడు కనబడినా కనబడకపోయినా, గేటు అవతలి కొండే. టికెట్ కొని క్యాబిన్‌లో కూర్చుని వచ్చాం కాబట్టి పార్కులో ఉన్నట్టే అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద అవలాంచ్‌లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్. వీళ్ళెవరూ మొదటిసారి స్కీలు కట్టినవాళ్ళు కాదు. డీఆర్‌డీఓ వాళ్ళ డీజీఆర్‌ఈ (మంచు, అవలాంచ్‌ల మీద పనిచేసే సంస్థ) ఇచ్చే అవలాంచ్ హెచ్చరికలు జిల్లాల వారీగా వార్తల్లో వస్తుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. మొదటి ఏడాది అయితే కింది వాలులూ, మొదటి దశా చాలు. రెండో దశకు వెళ్తే స్థానిక గైడ్‌ని పెట్టుకోండి, అతను వద్దన్న రోజు బేరమాడకండి. ఉత్తరాఖండ్‌లోని ఔలీ సంగతి అడిగేవాళ్ళకు: నేర్చుకోవడానికి బాగుంటుంది, ఈ ప్రశ్న అక్కడ పెద్దగా రాదు.

మావాడు మూడు నెలల తర్వాత మాట్లాడాడు. అవలాంచ్ భద్రత నేర్పే లెవెల్ వన్ కోర్సులో చేరాడట. పార్కింగ్ లాట్ పక్కన మంచులో పాతిపెట్టిన బీకన్‌ని తవ్వుతున్న ఫొటో పంపాడు, ‘ఏడు నిమిషాలు పట్టింది మామయ్యా’ అని. వచ్చే జనవరిలో గేటు గుండా వెళ్దామంటున్నాడు, నేను సరేనన్నాను. తోడు వెళ్ళేవాడికి చేతకాకపోతే వాడి కోర్సు వాడికి ఉపయోగపడదు కదా. అందుకని ఆదివారాలు తెల్లవారుజామున బ్యారేజీ దిగువ ఇసుకలోకి వెళ్తున్నా. మా ఆవిడ ఒక బీకన్‌ని సంచిలో చుట్టి ఎక్కడో పాతిపెట్టి వస్తుంది, నేను రెండోది పట్టుకుని వంగి వంగి వెతుకుతుంటాను. మొన్న గేదెలు తోలుకొచ్చిన తాత ఒకాయన చాలాసేపు చూసి, ‘ఏం పోయింది నాయనా?’ అన్నాడు. ఏం పోలేదు తాతా, ప్రాక్టీసు అన్నాను. ‘పోకముందే వెతుకుతున్నావా?’ అని నవ్వి, చుట్ట వెలిగించుకుని అక్కడే కూర్చున్నాడు. దొరికేసరికి అయిదున్నర నిమిషాలు పట్టింది.