ఒకీచోబీలో ‘లేక్ వ్యూ’ గది తీసుకునే ముందు

బాస్ అనే మంచినీటి చేపల వేటకి ఫ్లోరిడా వెళ్తూ, ఒకీచోబీ సరస్సు పక్క ఊళ్ళలో ‘లేక్ వ్యూ’ అని రాసిన గది దొరికితే, డబ్బు కట్టకముందే ఒక మాట అడగండి: కిటికీలోంచి కనపడేది నీళ్ళా, కరకట్టా? 1928 తుపానుకి ఈ సరస్సు ఊళ్ళ మీద పడి కనీసం రెండున్నర వేలమంది పోయారు. ఆ తర్వాత కట్టిన హెర్బర్ట్ హూవర్ డైక్ ఇప్పుడు సరస్సు చుట్టూ 143 మైళ్ళు తిరుగుతుంది, ఎత్తు ముప్ఫై అడుగుల దాకా ఉంటుంది. సరస్సు దక్షిణపు ఊరు క్లూయిస్టన్‌లో నేల మీద నిలబడినవాడికి గడ్డి మొలిచిన గట్టు తప్ప ఏమీ కనపడదు. ప్రకటనలో ఫొటో కట్ట మీదెక్కి తీసింది. ఆ ఫొటో పేరు చెప్పి గదికి అదనంగా వసూలు చేయడం పచ్చి మోసం.

గదికి కావలసింది దృశ్యం కాదు, కరెంటు. పడవ లాక్కుని వెళ్ళేవాళ్ళకి రాత్రంతా ట్రోలింగ్ మోటారు (పడవని నెమ్మదిగా నడిపే చిన్న కరెంటు మోటారు) బ్యాటరీలు చార్జి కావాలి. గది బయట ప్లగ్గు లేకపోతే మర్నాడు మధ్యాహ్నానికే మోటారు పడుకుంటుంది. ‘పార్కింగ్ ఉచితం’ అన్నది కారుకి మాత్రమే, ట్రైలర్‌కి వేరే లెక్క చెప్పేచోట్లు ఉన్నాయి. రెండూ ముందే రాతలో తీసుకోండి. 50 అడుగుల, 12 గేజి ఎక్స్‌టెన్షన్ తీగ మీ దగ్గరే ఉండాలి. సన్న తీగ వేడెక్కుతుంది, చార్జరు సగంలో ఆగుతుంది.

ఇంకో సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. క్లూయిస్టన్, బెల్ గ్లేడ్ చుట్టూ అంతా చెరకే. అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా కోతకి ముందు తోటకి నిప్పుపెట్టి ఆకు కాలుస్తారు. గాలి ఇటు తిరిగిన రోజు నల్లటి మసి కారు మీదా, ఆరేసిన బట్టల మీదా రాలుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు వెంట ఉంటే సరస్సు దక్షిణపు ఊళ్ళు వదిలేసి, ఉత్తరాన ఒకీచోబీ అనే పేరే ఉన్న ఊళ్ళో దిగడం మేలు.

ఇక తేదీలు. న్యూజెర్సీ, మిషిగన్, షికాగో వైపు మనవాళ్ళకి సెలవు దొరికేది క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా. బాస్ వేటకి మాత్రం ఆ వారం దండగ. ఓర్లాండో విమానాల, హోటళ్ళ ధరలు ఆకాశంలో ఉంటాయి, చేప ఇంకా గుడ్లు పెట్టే ఒడ్డుకి పూర్తిగా చేరదు. నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి నిలకడపడ్డాకే పెద్ద ఆడ బాస్‌లు గుంపులుగా లోతు తక్కువ చోటికి వస్తాయి. ఒకీచోబీలో జనవరికే కొన్ని వస్తాయి. మధ్య ఫ్లోరిడాలో ఫిబ్రవరి, మార్చి అసలు నెలలు. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ చేపలు ఒక్కో అలగా ఒడ్డుకి వస్తాయి కాబట్టి పంచాంగం చూసి టికెట్ కొనడంలో తప్పేం లేదు. ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే సెలవు. ఆ వారాంతం కూడా వదిలేసి తర్వాతి వారం పట్టుకోండి.

ఏ సరస్సు? ఒంటరిగానో, చేపల పిచ్చి ఉన్న ఇద్దరు స్నేహితులతోనో అయితే ఒకీచోబీ. కుటుంబంతో అయితే నిస్సందేహంగా కిస్సిమ్మీలో ఉన్న టోహోపెకలిగా, అందరూ అనే పేరు టోహో. దాదాపు 19 వేల ఎకరాలు. 2001 జనవరిలో బాస్ పోటీల వేటగాడు డీన్ రోజాస్ ఒక్కరోజులో ఐదు చేపలకి 45 పౌండ్ల 2 ఔన్సులు తూచింది ఇక్కడే. మీరు తెల్లారి నీళ్ళ మీదకి పోతే పిల్లలు డిస్నీకి పోతారు, సాయంత్రం ఓర్లాండోలో సాంబారు దొరుకుతుంది. అదే క్లూయిస్టన్‌లో మూడోరోజుకి శాకాహారి బావగారి మొహం చూడలేం. చేపలెన్ని పడినా ఆ రాత్రి గదిలో మాటలుండవు.

ఒకీచోబీ 730 చదరపు మైళ్ళు, సగటు లోతు తొమ్మిది అడుగులే. ఉత్తరపు గాలి గంటకి పదిహేను మైళ్ళతో వీస్తే చాలు, నడి సరస్సు టీ రంగుకి మారుతుంది. అప్పుడు జమ్ము, తుంగ దట్టంగా ఉన్న చోట్ల వెనక తేటనీళ్ళు వెతకాలి. దక్షిణపు కొసన నీటికింద బండరాళ్ళ వరుస ఉంది. దారి తెలియకుండా వేగంగా పోయినవాళ్ళ మోటారు కింది భాగాలు అక్కడ పగులుతాయి. అందుకే మొదటి రోజు గైడుని పెట్టుకోవాలి.

గైడు బిల్లు దగ్గర కళ్ళు తెరుచుకోవాలి. ఇద్దరికి సగం రోజు, అంటే నాలుగు గంటలు, సుమారు 400 డాలర్లు అంటారు. అందులో ఎర ఉండదు. ఇక్కడి పేరున్న ఎర అడవి షైనర్లు, మన పరిగెల్లాంటి వెండిచేపలు, ప్రాణంతో ఉన్నవి. డజను 25 డాలర్లనుకుంటే నాలుగు డజన్లకి 100. లైసెన్సులు రెండింటికి 34, టిప్ 70. 400 అన్నది 604 అయింది. ‘షైనర్లు కలిపి ఎంత, మిగిలినవి ఎవరివి, గాలికి రద్దయితే అడ్వాన్సు వెనక్కొస్తుందా’ అని ఫోన్‌లోనే అడగండి. సమాధానం నానిస్తే ఇంకొకరిని చూసుకోండి.

లైసెన్సు సముద్రపు చార్టర్ పడవల్లో కెప్టెన్‌దే సరిపోతుంది. మంచినీళ్ళలో అలా కాదు, ఎవరిది వారికే. బయటి రాష్ట్రంవాళ్ళకి మూడు రోజులకి 17 డాలర్లు, ఏడు రోజులకి 30, ఏడాదికి 47. ఆన్‌లైన్‌లో పైన కొంత రుసుము. పదహారేళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు. ఊరినుంచి వచ్చిన నాన్నగారికి అరవై ఐదు దాటినా లైసెన్సు కావాలి, ఆ మినహాయింపు ఫ్లోరిడా నివాసులకే. ‘ఊరికే ఓసారి కర్ర పట్టుకున్నారు’ అన్నా అధికారి వినడు. అద్దె పడవ నడిపేవాళ్ళు 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే, పది గుర్రాల శక్తీ ఆపైనా ఉన్న మోటారుకి పడవ భద్రతా కార్డు చూపాలి. 90 రోజులు చెల్లే తాత్కాలిక కార్డుకి పరీక్ష ఆన్‌లైన్‌లో పెడతారు, ఇంటిదగ్గరే రాసి వెళ్ళండి. అద్దె కౌంటర్ ముందు నిలబడి ఫోన్లో పరీక్ష రాస్తుంటే ఉదయపు వేట పోతుంది.

సరంజామా తక్కువే చాలు. షైనర్ వేటకి 5/0 సైజు గాలం, ఎరచేప రెండు పెదవుల గుండా గుచ్చి, మూడు నాలుగు అడుగుల పైన బెండు. బెండు వణికిందంటే షైనర్ భయపడుతోందని, దగ్గర్లో బాస్ ఉందని, లాగకండి. బెండు మునిగి పక్కకి నడిచాక, వదులు దారం చుట్టి, అప్పుడు గాలం దిగేలా రాడ్‌ని గట్టిగా లాగండి. షైనర్లని కుళాయి నీళ్ళలో వేస్తే క్లోరిన్‌కి చస్తాయి, సరస్సు నీళ్ళే వాడి గాలి పంపు ఆపకుండా ఉంచాలి.

గుర్రపుడెక్క చాప పరిచినట్టు కప్పేసిన చోట వేరే పని. రబ్బరు ఎరకి ఒకటింపావు ఔన్సు టంగ్‌స్టన్ బరువు, దానిపైన జారకుండా రబ్బరు స్టాపర్, 4/0 తిన్నని కాడ గాలం, 65 పౌండ్ల అల్లిక దారం, ఏడున్నర అడుగుల బలమైన రాడ్. బరువు అర ఔన్సుకి తగ్గిస్తే చాప చీలదు, ఎర పైనే కూర్చుంటుంది. స్టాపర్ వదులైతే బరువు కిందికి, ఎర పైనే. పల్చటి గడ్డిలో 3/16 ఔన్సు బరువుతో జూన్‌బగ్ రంగు (ముదురు ఊదా) రబ్బరు పురుగు నెమ్మదిగా ఈడ్చినా సరిపోతుంది.

ఇవన్నీ ఉన్నా కోల్డ్ ఫ్రంట్, అంటే ఉత్తరం నుంచి తోసుకొచ్చే చలిగాలి, వస్తే చేతులు కట్టేసినట్టే. ఫ్లోరిడా జాతి బాస్ చలికి నోరు మూసుకుంటుంది. ఫ్రంట్ రాకముందు మబ్బు పట్టిన పూట వేట అదిరిపోతుంది. అది దాటిన మర్నాడు ఆకాశం నీలంగా, ఫొటోకి బాగుంటుంది, చేప ఉండదు. మూడో రోజుకి గానీ తేరుకోదు. అందుకే మూడు రోజుల యాత్ర జూదం, ఐదు రోజులు పెట్టుకోండి. రద్దు చేసుకోగలిగే గదే తీసుకుని, బయలుదేరే వారం ముందు నుంచి గాలి దిశ చూస్తూ ఉండండి. దక్షిణమే కదా అని జాకెట్టు వదిలేయొద్దు, జనవరి తెల్లవారుజామున పడవ వేగానికి పళ్ళు కొట్టుకుంటాయి.

పట్టినదాన్ని వండుకోవాలని ఉంటే బాస్ జోలికి పోకండి. రోజుకి ఐదు, వాటిలో 16 అంగుళాలు గానీ అంతకన్నా పెద్దది గానీ ఒక్కటే ఉంచుకోవాలి. పెద్ద బాస్‌లలో పాదరసం ఉంటుందని ఆరోగ్యశాఖ హెచ్చరికలు కూడా ఉన్నాయి. ఎనిమిది పౌండ్లు దాటినదైతే తూచి, ఫొటో తీసి వదిలేయండి, రాష్ట్రం నడిపే ట్రోఫీక్యాచ్ పథకంలో నమోదు చేసుకోవచ్చు. పులుసుకి క్రాపీ పట్టండి. ఇక్కడివాళ్ళు స్పెక్ అంటారు, శీతాకాలంలోనే బాగా పడుతుంది, మనిషికి రోజుకి 25 దాకా. ముక్క మెత్తన, ఎక్కువ కలిపితే విరిగిపోతుంది, చింతపండు రసం మరిగాకే వేయాలి. చేపని శుభ్రం చేసినప్పుడు వచ్చే పేగులు మాత్రం రేవులో పారేయకండి, సంచీలో కట్టి చెత్తడబ్బాలో వేయండి. మొసళ్ళకి తిండి వేయడం ఫ్లోరిడాలో నేరం, రెండోరోజు అదే రేవు దగ్గర మొసలి మీకోసం ఎదురుచూస్తుంటుంది.