వార్గెట్ పౌడర్: .308లో నిలకడ, .223లో విసుగు

హాడ్జ్‌డన్ కంపెనీ అమ్మే రైఫిల్ పౌడర్ (తూటా మందు) వార్గెట్‌ను 24 అంగుళాల బ్యారెల్ ఉన్న .308 వించెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో, ఎక్కువగా 168, 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకం కొలత) మ్యాచ్ బుల్లెట్లతో, ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. రీలోడింగ్‌లోకి (కాల్చిన ఇత్తడి కేసుల్లో మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టి రౌండ్లు కట్టుకోవడంలోకి) కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఏ పౌడర్‌తో స్పీడ్ ఎక్కువొస్తుంది?" అని. స్పీడే కావాలంటే వార్గెట్ జోలికి పోనక్కర్లేదు, దీన్ని దాటేవి ఉన్నాయి. జనవరిలో పెట్టుకున్న జీరో (గురి సరిపెట్టుకున్న అమరిక) టెక్సస్ ఆగస్టు ఎండలో కూడా చెదరకూడదనుకుంటే మాత్రం .308కి నా ఓటు దీనికే.

ఎన్ని గ్రెయిన్లు నింపాలో ఇక్కడ రాయను. బుల్లెట్, కేసు, ప్రైమర్ (కేసు అడుగున పౌడర్‌కి నిప్పంటించేది), సీటింగ్ లోతు (బుల్లెట్ కేసులోకి ఎంత దిగిందో), వీటిలో ఏది మారినా ప్రెజర్ మారుతుంది. హాడ్జ్‌డన్ సైటులోనూ, బుల్లెట్ కంపెనీల మాన్యువళ్లలోనూ ప్రెజర్ కొలిచి ఇచ్చిన అంకెలున్నాయి. పరాయివాళ్ల అంకె నమ్మి నింపకండి, నాదైనా సరే.

.308కి ఇది ఎందుకు కుదిరిందంటే, మండే వేగం కేసు పరిమాణానికి తగినట్టుంది. .308 కేసులో అంచుదాకా నీళ్లు పోస్తే దాదాపు 56 గ్రెయిన్లు పడతాయి. త్వరగా మండే పౌడరైతే కేసు సగంలోనే ప్రెజర్ హద్దుకి చేరుతుంది. పైన మిగిలిన ఖాళీలో రైఫిల్ వంపును బట్టి పౌడర్ అటూఇటూ జారి, వేగం రౌండు రౌండుకీ తేడా వస్తుంది. మరీ నిదానంగా మండేదైతే కేసు నిండా కుక్కినా వేగం రాదు, కాలకుండానే కొంత బ్యారెల్ బయటికి ఎగిరిపోతుంది. వార్గెట్ పూర్తి లోడు దగ్గర కేసు మెడ మొదలుదాకా వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది: పొరపాటున రెండుసార్లు పోస్తే పొర్లి ట్రేలో పడుతుంది, కంటికి తెలిసిపోతుంది.

ఇక వేడి సంగతి. ఈ పౌడర్ ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్‌లోని ముల్వాలా ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఆ దేశంలో ఇదే పౌడర్ ఏఆర్2208 పేరుతో దొరుకుతుంది. హాడ్జ్‌డన్ దీన్ని ఎక్స్‌ట్రీమ్ శ్రేణిలో పెట్టి, ఉష్ణోగ్రత ప్రభావం తక్కువని చెబుతుంది. నా క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) చెప్పేది కూడా అదే. గడ్డకట్టే చలికీ 38 డిగ్రీల ఎండకీ మధ్య వార్గెట్ లోడు తేడా సెకనుకు 20 అడుగులకు అటూఇటూగా ఉంటోంది. అదే రైఫిల్‌లో ఒక బాల్ పౌడర్ (గుండ్రటి పలుకుల పౌడర్) లోడు 60 అడుగులు దాటింది. 600 గజాల దగ్గర 50 అడుగుల తేడా అంటే తూటా నాలుగైదు అంగుళాలు పైకో కిందికో పోవడం. హైపవర్ రైఫిల్ పోటీల 600 గజాల టార్గెట్‌లో ఎక్స్ రింగు (నట్టనడిమి వలయం) వ్యాసమే 6 అంగుళాలు, ఇక చూసుకోండి. గురి ఒక్కటే కాదు, భద్రత కూడా: చలికాలంలో గరిష్ఠం దగ్గర కట్టిన బాల్ పౌడర్ లోడు జులైలో బోల్టు ఎత్తడానికి బరువెక్కుతుంది. వార్గెట్ అయినా సరే, కాలిన చాంబర్‌లో రౌండు పెట్టి రెండు నిమిషాలు గాలి కోసం ఎదురుచూస్తే వేగం పెరుగుతుంది. గాలి కుదిరాకే రౌండు ఎక్కించండి.

విసుగంతా కొలిచే దగ్గరే. పలుకులు చిన్న పుల్లల్లా ఉంటాయి. ఐఎంఆర్ 4064 అనే పౌడర్ అంత పొడవు కాకపోయినా, పౌడర్ మెజర్ (పౌడర్ కొలిచి పోసే పరికరం) డ్రమ్ తిరిగేటప్పుడు అంచు దగ్గర ఇరుక్కుని కరుక్కున తెగుతాయి. హ్యాండిల్ ఊపు ఒక్కలా లేకపోతే 0.2, 0.3 గ్రెయిన్ల తేడా మామూలే. .308కి 0.2 తక్కువ పడేలా పోసి, మిగతాది త్రాసు మీద ట్రిక్లర్‌తో రాల్చడమే దారి. .223 (.308 కన్నా చిన్న తూటా) కేసు మెడ సన్నం కదా, గరాటులో బియ్యానికి బదులు అగ్గిపుల్లలు పోసినట్టు అడ్డుపడతాయి. ఒక కేసులో సగమే పడి, మిగిలింది పక్క కేసులోకి దిగుతుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్కో హ్యాండిల్ ఊపుకీ అన్ని దశలూ ఒకేసారి జరిపే యంత్రం) మీద ఇది ప్రమాదం. ప్రతి కేసులోకీ లైటు వేసి చూడనిదే బుల్లెట్ కూర్చోబెట్టకండి. 69 నుంచి 77 గ్రెయిన్ల బుల్లెట్లతో .223 పోటీ రౌండ్లు కొన్ని చేసుకోవడానికి వార్గెట్ బాగానే ఉంటుంది. వందలకొద్దీ ప్రాక్టీసు రౌండ్లకి మాత్రం సీఎఫ్ఈ 223 లాంటి బాల్ పౌడర్ ఇసకలా జారుతుంది, బ్యారెల్‌లో రాగి పూత కూడా తక్కువ వదులుతుంది. వేడికి ఆడుతుందన్నది దాని లోటు.

చలికాలం పొడి గాలికి మెజర్ ప్లాస్టిక్ హాపర్ (పౌడర్ పోసే తొట్టి) గోడలకి పలుకులు అంటుకుపోతాయి. బట్టల డ్రయర్‌లో వేసే షీటుతో లోపల ఒకసారి తుడిస్తే చాలు. పని కాగానే పౌడర్ తిరిగి డబ్బాలో పోయాలి. హాపర్‌లో రాత్రంతా ఉంచితే తేమ మారి మండే వేగం మారుతుంది, పైగా పొద్దున్నకి అందులో ఉన్నదేమిటో గుర్తుండదు.

6.5 క్రీడ్‌మూర్ (ఇంకో తూటా రకం) రైఫిల్ కొని, ఉన్న డబ్బానే వాడదామనుకునేవాళ్లున్నారు. 140 గ్రెయిన్ల బుల్లెట్లకి అందులో వార్గెట్ త్వరగా మండుతుంది, హద్దు ముందే వచ్చేసి వేగం మిగలదు. దానికి హెచ్4350 సరైనది. ఎం1 గరాండ్‌కి (రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా సైనిక రైఫిల్) ఐఎంఆర్ 4895 దగ్గరే ఉండండి, నిదానం పౌడర్లు గ్యాస్ పోర్టు దగ్గర ప్రెజర్ పెంచి ఆపరేటింగ్ రాడ్‌ను వంచుతాయి. పిల్లలకి, కొత్తవాళ్లకి తక్కువ కుదుపు రౌండ్లు కావాలంటే హెచ్4895. లోడును హాడ్జ్‌డన్ ఇచ్చిన గరిష్ఠంలో 60 శాతానికి దించవచ్చని, అంతకన్నా కిందికి కాదని కంపెనీయే చెబుతుంది. వార్గెట్‌తో ఆ ప్రయోగం వద్దు.

పేర్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. హెచ్4350, ఐఎంఆర్ 4350, ఆక్యురేట్ 4350 మూడూ వేర్వేరు పౌడర్లు, ఒకదాని అంకెలు ఇంకోదానికి పనికిరావు. మండే వేగాల పట్టికలు వరస మాత్రమే చెబుతాయి. పక్కపక్కన ఉన్నాయని లోడు మార్చుకుంటే చేతులు కాలతాయి. బెంచీ మీద ఒకేసారి ఒకే డబ్బా.

గరిష్ఠానికి 10 శాతం తక్కువతో మొదలెట్టి 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులో కేసు అడుగు చూడాలి. ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) రంధ్రం ఆకారంలో ఇత్తడి మీద మెరిసే మచ్చ కనిపించినా, ప్రైమర్ అంచులు చదునై గాడి పూడుకుపోయినా, బోల్టు బిగిసినా వెనక్కి దిగాలి. ఇవేవీ లేకపోయినా, వేగం మాన్యువల్ గరిష్ఠాన్ని దాటిందంటే ప్రెజర్ కూడా దాటినట్టే. లేక్ సిటీ (అమెరికా సైన్యపు తూటాల ఫ్యాక్టరీ) మిలిటరీ కేసులు గోడ మందం, లోపల చోటు తక్కువ. వించెస్టర్ కేసులో కుదిరిన లోడు వాటిలో అలాగే నింపకూడదు.

ధర కొట్టొచ్చినట్టు పెరిగింది. 2020కి ముందు పౌండు 30 డాలర్లలోపే వచ్చేది, ఇప్పుడు 50 దాటింది. ఒక పౌండు అంటే 7,000 గ్రెయిన్లు, .308కి దాదాపు 160 రౌండ్లు. ఆన్‌లైన్‌లో కొంటే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) రుసుము ప్రతి షిప్‌మెంటుకీ అదనం, కాబట్టి దొరికినప్పుడు 8 పౌండ్ల జగ్గు తీసుకోవడం మేలు. అలా కొంటే చాలాకాలం ఒకే లాట్ (తయారీ విడత) నంబరు నడుస్తుంది. లాట్ మారితే 5 శాతం తగ్గించి మళ్లీ పైకి రావాలి. అసలు డబ్బాలోనే, చల్లగా, పొడిగా ఉంచండి. డబ్బా తెరిచినప్పుడు ఈథర్ లాంటి వాసన మామూలే. ముక్కు మండే ఆమ్లపు వాసనొచ్చినా, పలుకుల మీద ఇటుకరంగు దుమ్ము కనిపించినా వాడకండి. ఇండియా వెళ్లేటప్పుడు ఎవరికైనా ఒక డబ్బా పట్టుకెళ్దామన్న ఆలోచన కూడా వద్దు: విమానంలో చెక్-ఇన్ సామానులోనూ పౌడర్ నిషేధం, అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం.