జాగ్రత్త: ‘ట్యూన్ అక్కర్లేదు’ అని అమ్ముతున్న ఇన్‌టేక్ కిట్‌తో నాకు జరిగింది

టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ నడిపేవాళ్లూ, ఇంకే స్పోర్ట్స్ కారుకైనా కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా బదులు, ఇంజిన్‌లోకి చల్లటి గాలి బాగా వెళ్లాలని పెట్టే గొట్టం, ఫిల్టర్) వేద్దామని కార్ట్‌లో పెట్టుకుని కూర్చున్నవాళ్లూ డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి. 289 డాలర్ల కిట్ కొని రెండు నెలలు మనశ్శాంతి పోగొట్టుకున్నాను. పైగా ఎమిషన్ టెస్ట్ (కాలుష్య పరీక్ష) ఫెయిలయ్యాను. అమ్మినవాళ్ల పేరు రాయట్లేదు. రాసినా లాభం లేదు, అదే డబ్బా అదే ఫోటోలతో నాలుగైదు పేర్ల మీద దొరుకుతోంది. గుర్తుపట్టడానికి ఆనవాళ్లు చెప్తాను, చాలు.

ముందు కారు సంగతి. నాది 2017 టయోటా 86, మాన్యువల్ గేర్, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఉండేది డాలస్‌లో. ఇంజిన్ సుబారుది, రెండు లీటర్ల బాక్సర్ (సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే రకం), 205 హార్స్‌పవర్, టర్బో లేదు. ఈ కారుకి అందరికీ తెలిసిన రోగం ఒకటుంది. మూడున్నర వేల ఆర్‌పీఎం దగ్గర మొదలై నాలుగున్నర వేల దాకా టార్క్, అంటే లాగే బలం, కాస్త కూలబడుతుంది. హైవే ర్యాంప్ మీద థర్డ్ గేర్‌లో కాలు తొక్కితే ‘ఆగు, వస్తున్నా’ అన్నట్టు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. దీనికి సరైన మందు హెడర్ (ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టాలు), దానికి తగ్గ ట్యూన్ (కారు కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) అని తెలిసినవాళ్లు మొదటి నుంచీ చెప్తూనే ఉన్నారు. ఆ ఖర్చు చూసి జంకి, చవకలో పోతుందేమోనని ఇన్‌టేక్ వైపు వెళ్లాను. తప్పు అక్కడే మొదలైంది, ఆ వాటా నాదే.

ప్రకటనలో ఏముందంటే: 15 హార్స్‌పవర్ పెరుగుతుంది, థ్రాటిల్ రెస్పాన్స్ (కాలు తొక్కగానే ఇంజిన్ అందుకునే తీరు) వెంటనే మారుతుంది, ట్యూన్ అక్కర్లేదు, 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం. డబ్బాలో ఒక అల్యూమినియం గొట్టం, నూనె పట్టించిన ఎర్ర కాటన్ కోన్ ఫిల్టర్, రెండు సిలికోన్ కప్లర్లు, నాలుగు క్లాంపులు, చేత్తో వంచితే వంగే పల్చటి రేకు ఒకటి. ఆ రేకు పేరు హీట్ షీల్డ్ అట, ఇంజిన్ వేడి ఫిల్టర్‌కి తగలకుండా ఆపడానికి.

శనివారం మధ్యాహ్నం ఫ్రెండ్ ఒకడు వచ్చాడు. బ్యాటరీ వైరు తీసి, పది ఎంఎం సాకెట్‌తో గంటలోపే బిగించేశాం. స్టార్ట్ చేయగానే వచ్చిన శబ్దానికి ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. రోడ్డెక్కితే నిజంగానే కారు తేలిగ్గా అందుకుంటోంది. ఇంటికొచ్చి మా ఆవిడని ఎక్కించుకుని ఒక రౌండ్ తిప్పాను. “అరుపు పెరిగింది సరే, వేగమేదీ?” అంది. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఈ మొత్తం వ్యవహారంలో సరైన ప్రశ్న వేసింది తనొక్కతే.

తొమ్మిదో రోజు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. అంతకుముందే సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు 700కీ 1,100కీ మధ్య ఊగడం గమనించాను, కొత్తది కదా సర్దుకుంటుందిలే అనుకున్నాను. బ్లూటూత్ ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్ చదివే పరికరం) పెడితే పి0171 వచ్చింది. అంటే గాలికి సరిపడా పెట్రోల్ అందట్లేదని, మిశ్రమం పల్చబడిందని. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన లెక్క కంటే పెట్రోల్ ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె, ప్లస్ 22 శాతం చూపిస్తోంది. కారు బాగుంటే అది సున్నాకి అటూ ఇటూ ఐదు లోపల ఉండాలి.

ఎందుకలా అయిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ‘ట్యూన్ అక్కర్లేదు’ అన్న మాట నిజమో అబద్ధమో తేల్చేది ఇక్కడే. ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచేది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్, అందరూ మాఫ్ అంటారు. గొట్టం మధ్యలో వేడెక్కిన సన్నని తీగ ఉంటుంది, గాలి తగిలితే చల్లబడుతుంది, ఆ చల్లబడే తీరుని బట్టి కంప్యూటర్ లెక్క కడుతుంది. కానీ ఆ తీగకి తెలిసేది తనని తాకిన గాలి మాత్రమే. గొట్టం మొత్తంలో ఎంత పోతోందన్నది, గొట్టం కంపెనీ ఇచ్చిన సైజులోనే ఉందన్న నమ్మకం మీద కంప్యూటర్ వేసుకునే లెక్క. ఇప్పుడు 70 ఎంఎం గొట్టం తీసేసి 76 ఎంఎం గొట్టం పెట్టారనుకోండి. చూడ్డానికి తేడా తెలియదు. వైశాల్యం మాత్రం దాదాపు 18 శాతం పెరుగుతుంది. అదే గాలి నెమ్మదిగా పారుతుంది, తీగ తక్కువ చల్లబడుతుంది, కంప్యూటర్ ‘గాలి తక్కువే వచ్చింది’ అనుకుని పెట్రోల్ తగ్గిస్తుంది. మామూలుగా నడుపుతున్నప్పుడు ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ ఈ తప్పు పట్టుకుని పెట్రోల్ పెంచిస్తుంది, నా కారులో కనిపించిన ఆ 22 శాతం అదే. కాలు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఆ సెన్సర్ చెప్పే మాట వినకుండా కంప్యూటర్ సొంత లెక్క మీద నడుస్తుంది. 12.5 కంప్రెషన్ ఉన్న, అంటే మిశ్రమాన్ని పన్నెండున్నర రెట్లు నొక్కే ఇంజిన్‌లో, డాలస్ ఎండలో, పల్చటి మిశ్రమంతో ఏడు వేల ఆర్‌పీఎం దాకా లాగుతున్నానన్నమాట. ఇంజిన్ లోపల దెబ్బతినొచ్చు. తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంచి కంపెనీలు మాఫ్ కూర్చునే చోట గొట్టం లోపలి కొలత ఒరిజినల్‌కి సరిపోయేలా చేస్తాయి, లేదా ‘ట్యూన్ తప్పనిసరి’ అని డబ్బా మీదే రాస్తాయి. నాకొచ్చినదాంట్లో ఈ రెండూ లేవు. సెన్సర్‌కి ముందు గాలిని తిన్నగా చేసే జాలీ కూడా ఇందులో లేదు, వంపు తిరిగిన వెంటనే సెన్సర్.

ఇక వేడి. పేరుకి కోల్డ్ ఎయిర్. జూలైలో సాయంత్రం బయట 38 డిగ్రీలున్నప్పుడు సిగ్నల్ దగ్గర లోపలికెళ్లే గాలి ఉష్ణోగ్రత ఈ కిట్‌తో 61 చూపించింది. కారుతో వచ్చిన ఒరిజినల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మళ్లీ పెట్టాక అదే సిగ్నల్, అదే వేళ, 42. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, ఈ తేడాకి సాంద్రత దాదాపు 6 శాతం పడిపోతుంది. కదిలితే చల్లబడుతుంది, నిజమే. కానీ ఒరిజినల్ డబ్బా బానెట్ ముందు నుంచి బయటి గాలినే తీసుకుంటుంది కదా, అదే అసలైన కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని నాకప్పుడు తట్టలేదు.

అన్నిటికంటే కడుపు మండింది దుమ్ము దగ్గర. మా నాన్న ట్రాక్టర్‌కి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉండేది. నూర్పిళ్ల రోజుల్లో సాయంత్రం కింది కప్పు విప్పి, అడుగున పేరుకున్న నల్లటి బురద పారబోసి కొత్త ఆయిల్ పోసేవాడు. ఆ తర్వాత ఇంజిన్‌లోకెళ్లే గొట్టంలోకి వేలు పెట్టి తుడిచి, నా ముఖం ముందు పెట్టి “దుమ్ముందా?” అని అడిగేవాడు. వేలికి మట్టి అంటితే ఆ రాత్రి భోజనం లేటే, ఎక్కడ కారుతోందో దొరికేదాకా లేచేవాడు కాదు. ఆ అలవాటుతో కిట్ విప్పేటప్పుడు గొట్టంలో తెల్ల టిష్యూ పెట్టి తుడిచాను. ఫిల్టర్ దాటాక, అంటే పూర్తిగా శుభ్రంగా ఉండాల్సిన చోట, టిష్యూ మీద గోధుమ రంగు చార. వేళ్ల మధ్య నలిపితే గరగర. ఫిల్టర్ మెడ రబ్బరు ఒకచోట లోపలికి మడత పడి ఉంది, క్లాంపు ఎంత బిగించినా ఆ సందు పూడదు. ఫోన్ టార్చ్ వేసి చూస్తే మాఫ్ తీగ మీద నూనె తడి, దానికి అంటుకున్న నూగు. ఐదు వారాలు, సుమారు పదమూడు వందల మైళ్లు ఆ ఇంజిన్ దుమ్ము మింగింది.

ఐదు వారాలు ఎందుకు ఉంచావంటారా? అమ్మినవాళ్లే కారణం. లైట్ వెలిగిందని మెయిల్ పెడితే “కంప్యూటర్ నేర్చుకుంటోంది, 500 మైళ్లు నడపండి” అన్నారు. నడిపాను. మళ్లీ రాస్తే “క్లాంపులు బిగించి కోడ్ చెరిపేయండి” అన్నారు. చేశాను. ఈలోగా 30 రోజుల రిటర్న్ గడువు దాటిపోయింది. ఇది తెలియక చేసింది కాదని ఇప్పుడు నా నమ్మకం.

మధ్యలో రిజిస్ట్రేషన్ రెన్యువల్ వచ్చింది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, డాలస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంటే ఫెయిలే. కోడ్ చెరిపేసి పరిగెత్తుకుని వెళ్దామన్న తెలివితేటలు కూడా వాడి చూశాను. చెరిపితే కారు తనని తాను పరీక్షించుకునే లోపలి మానిటర్లన్నీ ‘సిద్ధంగా లేవు’ అంటాయి, అవి మళ్లీ సిద్ధమవ్వాలంటే కొన్ని రోజులు నడపాలి. రెండోసారీ వెనక్కి పంపారు.

ఒరిజినల్ డబ్బా గ్యారేజీలోనే ఉంది, పారేయకపోవడం నేను చేసిన ఒకే ఒక మంచి పని. అది మళ్లీ బిగించడానికి బయటికి తీసి మూత విప్పితే అసలు విషయం కనపడింది. పాత పేపర్ ఫిల్టర్ నిండా ఆకులు, పురుగులు, బూడిద రంగు దుమ్ము. నాకు కారు అమ్మినాయన ఎన్నేళ్లుగా మార్చలేదో! ఆ శనివారం నేను పోల్చింది మంచి ఒరిజినల్‌కీ కిట్‌కీ కాదు, మూసుకుపోయిన ఫిల్టర్‌కీ కొత్త ఫిల్టర్‌కీ. తేలిగ్గా అందుకోవడం అందుకే. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబరేటరీ వాళ్లు 2009లో చేసిన పరీక్షల్లో కూడా, ఫిల్టర్ మూసుకుపోతే ఇప్పటి కార్లలో మైలేజీ పెద్దగా మారదు గానీ యాక్సిలరేషన్ పడిపోతుందనే తేలింది. 22 డాలర్ల పేపర్ ఫిల్టర్ కొని వేశాను. గోటితో పోయేదానికి గొడ్డలి కొన్నానన్నమాట.

మనసు ఊరుకోక లాగ్ పెట్టి, అంటే టైమ్ రికార్డు చేసి చూశాను. ఒకే రోడ్డు, థర్డ్ గేర్, 40 నుంచి 70 మైళ్లకి. మురికి ఫిల్టర్‌తో 5.9 సెకన్లు, కిట్‌తో ఐదు వారాల్లో తీసిన లాగ్‌ల సగటు 5.7, కొత్త పేపర్ ఫిల్టర్‌తో 5.6. ఈ చివరి రెండింటి మధ్య తేడా నా కాలిది కూడా కావచ్చు, దాని మీద పందెం కాయను. కానీ ఆ 15 హార్స్‌పవర్ ఎక్కడా లేవన్నది మాత్రం ఖాయం.

థ్రాటిల్ రెస్పాన్స్ గురించి ఒక మాట. ఈ కార్లలో పెడల్‌కీ థ్రాటిల్‌కీ మధ్య తీగ లేదు. మీరు తొక్కింది ఒక సిగ్నల్‌గా వెళ్తుంది, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ పలక ఎంత తెరవాలో, ఎంత త్వరగా తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ పలకకి ముందు గొట్టం మార్చినంత మాత్రాన ఆ నిర్ణయం మారదు. మారేది చెవికి వినపడేదే. శబ్దం కావాలంటే శబ్దం కోసమే కొనండి, తప్పేం లేదు, ఆ శబ్దం నాకూ నచ్చింది.

స్టిక్కర్ సంగతి. 50 రాష్ట్రాల్లో చట్టబద్ధం అనాలంటే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ (అక్కడి వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్, అంటే ఆ సామానుకి అనుమతి నంబర్, ఉండాలి, డి అక్షరంతో మొదలవుతుంది. నా గొట్టం మీద వెండి రంగు స్టిక్కర్ మీద అలాంటి నంబర్ ఉంది. బోర్డ్ వెబ్‌సైట్‌లో వెతికితే అది వేరే కంపెనీ వేరే కారుకి తీసుకున్న నంబర్. టెక్సస్‌లో నన్ను ఎవరూ అడగరు గానీ కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకి స్మాగ్ చెక్‌లో (అక్కడి కాలుష్య పరీక్షలో) బానెట్ ఎత్తి చూస్తారు. కొనకముందే స్టిక్కర్ ఫోటో పంపమనండి, నంబర్ వెతకండి. రెండు నిమిషాల పని.

చివరికి డబ్బు తెప్పించింది కూడా ఆ స్టిక్కరే. గడువు దాటింది, బిగించిన సామాను తీసుకోం, తీసుకున్నా 25 శాతం కోత అన్నారు. కార్డ్ కంపెనీకి ‘పని చేయలేదు’ అని రాస్తే వాదన సాగుతూనే ఉండేది. ‘చెప్పిన వస్తువు కాదు’ అని, ప్రకటన స్క్రీన్‌షాట్, స్టిక్కర్ ఫోటో, వెబ్‌సైట్‌లో ఆ నంబర్ ఎవరిదో చూపించే పేజీ మూడూ జతచేసి పంపాను. ఏడు వారాలకి 289 డాలర్లు వెనక్కి వచ్చాయి. షాపులో డయాగ్నస్టిక్‌కి కట్టిన 140, మాఫ్ క్లీనర్ స్ప్రే, రెండో టెస్ట్ ఖర్చు నా ఖాతాలోనే.

హైదరాబాద్‌లో మా బాబాయి కొడుకు “అన్నయ్యా, వచ్చేటప్పుడు నా పోలో జీటీకి ఇలాంటిదే సూట్‌కేసులో పట్టుకురా” అని నెల క్రితం అడిగాడు. తేనని చెప్పాను. మన దగ్గర దుమ్ముకి ఈ కోన్ ఫిల్టర్లు నెలకోసారి కడగాలి, వాడు కడగడు. కిట్ గొట్టం కిందికి దిగి బంపర్ వెనకాల ఉంటే వర్షానికి నిండిన అండర్‌పాస్‌లో నీళ్లు తాగుతుంది, సిలిండర్‌లో నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గొడవ వేరే. అలిగాడు, పర్లేదు.

ఇప్పుడు కారు ఒరిజినల్ డబ్బాతో, కొత్త ఫిల్టర్‌తో తిరుగుతోంది, ట్రిమ్ ప్లస్ 3 దగ్గర నిలబడింది, ఎమిషన్ పాసైంది. మింగిన దుమ్ము లోపల ఏం చేసిందో తెలియాలంటే ఆయిల్ శాంపిల్ పరీక్ష చేయించాలి, వచ్చే ఆయిల్ మార్పప్పుడు పంపుతాను. ఇదే కిట్ ఇప్పటికే మీ ఇంటికొచ్చి ఉంటే, ఎర్ర ఫిల్టర్, వంగే రేకు, వెండి స్టిక్కర్ చూసుకోండి. బిగించకండి, కిట్ వచ్చిన డబ్బా కూడా పారేయకండి. నా స్టిక్కర్, టిష్యూ ఫోటోలు కావాలంటే అడగండి, పంపిస్తాను.