పీజో ఫిల్మ్ పట్టీ: ఫోన్ ఛార్జింగ్ సంగతి పక్కన పెడితే మంచి సరుకే

ఒంటి కదలికతో కరెంటు తీసే ఐడియా బీటెక్ మినీ ప్రాజెక్టుల టైమ్‌లో ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి వస్తుంది, ఈసారి మా తమ్ముడి బ్యాచ్‌కి వచ్చింది. దానికోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన పీజో ఫిల్మ్ (వంచితే కరెంటు పుట్టించే పల్చటి ప్లాస్టిక్ ముక్క) గురించే ఈ రివ్యూ. సోల్డరింగూ కుట్టుపనీ రెండూ నా నెత్తినే పడ్డాయి.

చూడ్డానికి వేలెడు కూడా ఉండదు. 28 మైక్రాన్ల మందం ఉన్న పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ పొర, దానికి రెండు వైపులా వెండి ఇంకు పూత, కింద పాలిస్టర్ షీటు, చివర రెండు పిన్నులు. వంచితే వోల్టేజీ పుడుతుంది. మోకాలికి తొడిగే నీక్యాప్‌కి లోపల చిన్న జేబు కుట్టి అందులో దూర్చాం. కాలు మడిచినప్పుడల్లా ఆసిలోస్కోప్ (వోల్టేజీని గీతగా చూపించే పరికరం) మీద గీత ఎగిరిపడుతుంటే ముచ్చటేస్తుంది, పదుల వోల్టులు మరి! పిల్లలు బోల్తా పడేది అక్కడే. వోల్టేజీ ఉంది గానీ కరెంటు మైక్రోఆంపుల్లోనే. నాలుగు డయోడ్లతో బ్రిడ్జి కట్టి, కరెంటుని ఒకే దిక్కుకు మళ్లించి కెపాసిటర్‌లో పోగేస్తే, పాపం తమ్ముడు చెమటలు కారేదాకా గుంజీలు తీశాక ఎల్ఈడీ ఒక్కసారి మిణుక్కుమంది.

అమ్మేవాళ్ల పేజీలో మాత్రం నడుస్తూ ఫోన్ ఛార్జ్ చేసుకోవచ్చని రాసుంది. నాకు మండింది దానికే. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 1998లోనే బూటు లోపలి అట్టలో ఇదే రకం పీవీడీఎఫ్ పొరలు పేర్చి నడిస్తే సగటున వచ్చింది దాదాపు 1 మిల్లీవాట్. 2018లో స్వీడన్‌లోని చాల్మర్స్ యూనివర్సిటీ వాళ్లు ఏకంగా పీవీడీఎఫ్ నూలు తీసి, బ్యాగు పట్టీగా నేసి, 3 కిలోల పుస్తకాల బరువుతో చూస్తే వచ్చింది 4 మైక్రోవాట్లు. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్-అవర్లు పడతాయి కదా, ఆ బ్యాగు తగిలించుకుని అది నింపాలంటే ఆగకుండా ఐదొందల ఏళ్లకు పైగా నడవాలి! ల్యాబుల్లో అంత కష్టపడితే వచ్చింది అది, ఈ ఒక్క ముక్కతో ఫోన్ ఛార్జింగా?

అదే సెన్సార్‌గా వాడితే కథే వేరు. అడుగులు, మోకాలి మడతలు చక్కగా పట్టేస్తుంది, దానికి విడిగా కరెంటు ఇవ్వక్కర్లేదు. పిన్నుల మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి ఆర్డుయినో అనే చిన్న కంట్రోల్ బోర్డుకి ఇచ్చాం, ఎక్కువ వోల్టేజీ లోపలికి పోకుండా డయోడ్లు తప్పనిసరి. ఒకటే చిక్కు, కాలు మడిచి అలాగే ఉంచితే సిగ్నల్ సున్నాకి పడిపోతుంది. కదిలినప్పుడే పలుకుతుంది, ఎంత కోణంలో మడిచారో చెప్పదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే, బజర్లలో వాడే పీజో బిళ్ల ఇంతకంటే చాలా చవక గానీ అది సెరామిక్, బట్టలో పెట్టి నాలుగుసార్లు వంచితే పెటుక్కుమంటుంది.

ఇంకో సంగతి. ఫిల్మ్‌ని ఊరికే చేత్తో పట్టుకున్నా ఆసిలోస్కోప్‌లో అందమైన అల వస్తుంది, అది గోడల్లోని వైరింగ్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల. దాన్ని మన ఒంటి కరెంటు అని రిపోర్టులో ఎక్కించేసే బ్యాచ్‌లు ఉన్నాయి, వైవాలో దొరికిపోతారు.

వేడి దీనికి అస్సలు పడదు. 80 డిగ్రీలు దాటితే పీజో గుణం పోతుంది కాబట్టి పిన్నుల మీద సోల్డరింగ్ ఐరన్ అలా తాకించి తీసెయ్యాలి, నీక్యాప్ ఉతికేముందు ఫిల్మ్ బయటికి తీసెయ్యాలి, ఇస్త్రీ ఊసే వద్దు. పిన్నులు లేకుండా వచ్చే మోడల్ కాస్త చవకే గానీ వెండి పూత మీద వైరు నిలబెట్టడం మామూలు తలనొప్పి కాదు, పిన్నులున్నదే తీసుకోండి.